మేరీ పామర్‌లో తెలుపు తగ్గి అంతా గులాబీ అవుతోంది: రెండు రంగులూ నిలవాలంటే ఎక్కడ కోయాలి?

మల్కాజిగిరి_మిద్దె · మార్చి 2

నమస్తే అండీ. 18 అంగుళాల కుండీలో మేరీ పామర్ కాగితం పూల మొక్క. మిద్దె మీద రోజంతా ఎండ తగిలే చోట ఉంది. ఒకే గుత్తిలో తెలుపు, గులాబీ కలిసి పూసేది, కొన్ని రెక్కలు సగం తెలుపు సగం గులాబీగా వచ్చేవి. ఈ పూతకు పడమటి పక్క కొమ్మలన్నీ ముదురు గులాబీకి తిరిగాయి. రెండు రంగులు తూర్పు పక్క సన్న కొమ్మల మీదే మిగిలాయి. ఏటా జూన్‌లో చుట్టూ ఒకే ఎత్తుకు కత్తిరిస్తున్నాం. నీళ్లు బోరువి.

ఫొటోలు పెట్టాను. గులాబీ కొమ్మల్ని ఎక్కడి దాకా కోయాలి? ఎప్పుడు? ఎరువు మారిస్తే తెలుపు తిరిగి వస్తుందా?

కణుపు · మార్చి 2

కత్తెర పట్టే ముందు ఒకటి తేల్చుకోండి. కాగితం పూలలో ఒకే మొక్క మీద రెండు రంగులు కనిపించడానికి మూడు కారణాలుంటాయి. మూడింటికీ కోత వేరు.

నర్సరీలో రెండు మూడు రకాలు ఒకే మొదలు మీద అంటు కట్టి ఉండొచ్చు. మొదలు కాండం మీద ఎక్కడైనా ఉబ్బు, దానికి పైన ఒక రకం బెరడు, కింద ఇంకో రకం బెరడు కనిపిస్తే అది అంటు మొక్క. రెండోది, రెక్క వయసును బట్టి రంగు మారడం. నారింజ రకాలు చాలావరకు విచ్చినప్పుడు నారింజ, ముదిరాక గులాబీ. అలాంటి మొక్కకు ప్రతి కొమ్మ మీదా ఈ రెండు రంగులే ఉంటాయి, కోతతో పనిలేదు. మూడోది మేరీ పామర్ లాంటి రకాలు. వీటి కణజాలంలోనే రెండు తరహాలు కలిసి ఉంటాయి.

మీ ఫొటోలో ఆకు పూర్తి పచ్చ, మొదలు మీద అంటు గుర్తు కనిపించడం లేదు. మట్టిని ఒక అంగుళం పక్కకు తీసి మొదలు ఇంకోసారి చూసి చెప్పండి.

మల్కాజిగిరి_మిద్దె · మార్చి 3

చూశానండీ. ఉబ్బు లేదు. గులాబీ కొమ్మలు, రెండు రంగుల కొమ్మలు ఒకే కాండం మీద నుంచే చీలాయి.

కణుపు · మార్చి 3

అయితే అది అచ్చమైన మేరీ పామరే, కారణం కూడా అందులోనే ఉంది. మిసెస్ హెచ్.సి. బక్ అనే గులాబీ రంగు కాగితం పూల రకం మీద ఒక కొమ్మ మారిపోయి ఈ రకం పుట్టింది. చిగురు కొనలో కణాలు పొరలు పొరలుగా ఉంటాయి. ఈ రకంలో కొన్ని కణాలు రంగు తయారుచేస్తాయి, కొన్ని చేయలేవు. ఇలా రెండు రకాల కణజాలం ఒకే మొక్కలో ఉంటే కైమెరా అంటారు. ఆకు పంగలో మొగ్గ ఏ కణాల గుంపు నుంచి పుట్టిందో ఆ కొమ్మ పూత అదే. మొగ్గలో రెండూ పడితే రెండు రంగులు. ఒకటే పడితే ఒకటే రంగు, ఆ తర్వాత ఆ కొమ్మ నుంచి చీలే పిల్ల కొమ్మలు కూడా దాదాపుగా అదే రంగు.

మీ పడమటి పక్క జరిగింది ఇదే. ఏదో ఒక కోతప్పుడు గులాబీ మొగ్గ ఒకటి లేచింది. ఆ కొమ్మను కోసినప్పుడల్లా దాని మీద మూడు నాలుగు చిగుర్లు వచ్చాయి, అన్నీ గులాబీవే. గులాబీ కొమ్మలు మామూలుగా జోరుగా ఎదుగుతాయి, రెండు రంగులవి నెమ్మదిగా వస్తాయి. అన్నింటినీ సమానంగా కోస్తే జోరున్నదే గెలుస్తుంది. చుట్టూ ఒకే ఎత్తుకు కోయడం ఈ రకానికి పనికిరాదు.

ఎరువు రంగును మార్చదు. యూరియా లాంటి నత్రజని ఎక్కువైతే జోరైన కొమ్మలు ఇంకా జోరుగా లేస్తాయి. పూత రావాల్సిన చోట ముళ్లు వస్తాయి. నష్టం అటు నుంచే.

చేవెళ్ల_నర్సరీ · మార్చి 3

కోసే కాడ చాలామందికి తెలియనిది ఒకటుంది. గులాబీ కొమ్మను సగానికి కోసి వదిలేస్తరు. సగానికి కోస్తే తగ్గదు, పెరుగుతది. కోత కింద ఉన్న కణుపులన్నీ లేస్తయ్.

ఒక పూల గుత్తి పట్టుకోవాలె. అక్కడికెళ్లి కొమ్మ వెంబడి వేలు పెట్టి కిందికి రావాలె. దారిల పక్క కొమ్మలు వస్తయ్. ఒక్కో పక్క కొమ్మ పూత ఏ రంగో చూసుకుంట రావాలె. రెండు రంగులు పూసిన పక్క కొమ్మ మొదటిసారి ఎక్కడ తగిలితే అక్కడ ఆగాలె. దానికి పైన ఉన్నదంతా తీసేయొచ్చు, దానికి కింద ముట్టొద్దు. కాండం దాకా వచ్చినా రెండు రంగుల పక్క కొమ్మ తగలకుంటే ఆ కొమ్మ మొత్తం గులాబీదే. దాన్ని కాండం కాడనే మట్టంగ తీసేయాలె.

మట్టంగ అంటే కొమ్మ పుట్టిన చోట బెరడు ముడతలు పడి చిన్న ఉబ్బు ఉంటది చూడన్నా, దానికి ఆనుకుని. మొండి ఉంచొద్దు. కొమ్మ అడుగున అర అంగుళం లోపలనే రెండు మూడు కళ్లు, అంటే చిగురు మొగ్గలు, ఒత్తుగ ఉంటయ్. మొండి ఉంటే ఆ కళ్లు మళ్ల లేస్తయ్.

ఎర్రమట్టి · మార్చి 4

పైన చెప్పినదానికి ఒక చేర్పు. ఒక్కోసారి ఒకే కొమ్మలో నిలువునా ఒక పక్క గులాబీ కణజాలం, ఇంకో పక్క రెండు రంగులది ఉంటుంది. కాగితం పూలలో ఆకులు కాండం చుట్టూ తిరుగుతూ ఒక్కొక్కటిగా వస్తాయి కాబట్టి, గులాబీ పక్క పడ్డ పంగల నుంచి గులాబీ కొమ్మలు, ఇవతలి పక్క పంగల నుంచి మిశ్రమం వస్తాయి. అలాంటి కొమ్మను మొత్తం కోసేస్తే మంచి సగం కూడా పోతుంది. గులాబీ పక్క పంగ కొమ్మల్ని మాత్రం తీసి, కొమ్మను ఉంచండి.

ఇంకా ముఖ్యమైనది: ఇదంతా పూత ఉండగానే గుర్తు పెట్టుకోవాలి. జూన్‌లో ఆకు తప్ప ఏమీ ఉండదు. అప్పుడు ఏ కొమ్మ ఏదో ఎవరూ చెప్పలేరు. మీకిప్పుడు నిండు పూత ఉంది కదా, ఈ వారంలోనే గుర్తులు కట్టేయండి. ఎరుపు ఉన్ని దారం అంటే తీసేయాల్సింది, తెల్ల దారం అంటే ఉంచాల్సింది. పర్మనెంట్ మార్కరుతో ప్లాస్టిక్ పట్టీ మీద రాస్తే మన ఎండకు మే నెలకే వెలిసిపోతుంది. కూల్‌డ్రింక్ డబ్బా రేకును అర అంగుళం పట్టీలుగా కోసి, బాల్ పెన్నుతో గట్టిగా నొక్కి రాస్తే గీత రేకులోనే పడుతుంది, సిరా పోయినా అక్షరం ఉంటుంది. దారాన్ని బిగించి కట్టొద్దు, చిటికెన వేలు దూరేంత వదులు ఉంచండి. వానల్లో కొమ్మ లావెక్కితే దారం బెరడులోకి దిగిపోతుంది.

పూలబాట · మార్చి 4

పూత లేనప్పుడు ఆకుల్ని బట్టి తెలియదా? లేత చిగుళ్లలో తేడా ఉంటుందని విన్నాను.

కణుపు · మార్చి 4

కొంతవరకు తెలుస్తుంది. గులాబీ కొమ్మ లేత చిగురు, తొడిమ, ముల్లు మొదలు మీద ఎరుపు జీర ఉంటుంది. పూర్తి తెల్ల పూత కొమ్మకు చిగురు లేత ఆకుపచ్చ, జీర ఉండదు. రెండు రంగుల కొమ్మలో మాత్రం రెండూ కనిపిస్తాయి కాబట్టి చిగురు చూసి కోత నిర్ణయించకండి. మొదలు నుంచి నిటారుగా లేచే బొటనవేలంత లావు నీటి కొమ్మల దగ్గరే ఈ గుర్తు పనికొస్తుంది. నిండా ఎరుపు జీరతో, పొడవాటి కణుపులతో, పెద్ద ముళ్లతో వస్తున్నదాన్ని జూన్ దాకా ఆపనక్కర్లేదు, కనిపించిన రోజే తీసేయండి.

మల్కాజిగిరి_మిద్దె · మార్చి 6

దారాలు కట్టాను. లెక్క చూస్తే మొక్కలో మూడింట రెండు వంతులకు ఎర్ర దారమే పడింది. అంతా ఒకేసారి తీస్తే మొక్క తట్టుకుంటుందా? పూర్తిగా తెల్లగా పూసిన కొమ్మలు రెండున్నాయి, వాటిని ఉంచాలా?

ఎర్రమట్టి · మార్చి 6

ఒకేసారి వద్దు. ఒక విడతలో ఆకు ఉన్న భాగంలో మూడో వంతుకు మించి తీయొద్దు. ఎక్కువ తీస్తే రెండు నష్టాలు. వేళ్లు పంపే నీరు, పోషకం మిగిలిన కొద్ది మొగ్గల మీద పడి నీటి కొమ్మలు లేస్తాయి. పాత చెక్కలో నిద్రపోతున్న కళ్లు, కోత అంచున కొత్తగా పుట్టే మొగ్గలు కూడా లేస్తాయి. ఆ మొగ్గలు లోపలి కణాల నుంచి పుడితే ఏ రంగు వస్తుందో చెప్పలేం, ఉన్న కైమెరా కూడా చెదురుతుంది. అందుకే మేరీ పామర్‌ని మొదటికంటా నరకడం అసలు మంచిది కాదు.

జూన్‌లో ఎర్ర దారం కొమ్మల్లో లావువి, జోరువి సగం తీయండి. మిగతా సగాన్ని అప్పుడు కోయకుండా తాడుతో వంచి నేలకు సమాంతరంగా కట్టండి. వంగిన కొమ్మ జోరు తగ్గుతుంది. రెండు రంగుల సన్న కొమ్మల్ని వెదురు పుల్లకు నిటారుగా కట్టండి, వాటికి జోరు పెరుగుతుంది. కుండీని సగం చుట్టు తిప్పి తూర్పు పక్కను ఎక్కువ ఎండ వైపు పెట్టండి. ఎర్ర దారం మిగతా సగం వచ్చే జూన్‌కు.

సన్న కొమ్మల కొన మాత్రం ఒకటి రెండు కణుపులు గిల్లితే చాలు. కత్తెర పెట్టొద్దు.

కణుపు · మార్చి 6

తెల్ల కొమ్మల విషయం. గులాబీ, రెండు రంగులు, తెలుపు మూడూ కలిసి కనిపించే మొక్క అందంగానే ఉంటుంది కాబట్టి ఒకటి ఉంచుకోవచ్చు. కానీ ఆ కొమ్మను రెండు రంగుల లెక్కలో వేసుకోవద్దు. పూర్తి తెల్లగా మారిన కొమ్మ రెండు రంగులకు తిరిగి రావడం అరుదు. దాని నుంచి ముక్కలు నాటితే తెల్ల మొక్కే వస్తుంది.

చేవెళ్ల_నర్సరీ · మార్చి 6

నేనైతే తెల్లది కూడ తీసేయమనే చెప్తా. దాని మీద గుర్తు పోయిందంటే, కొమ్మ కట్టింగుల కాడ రెండు రంగులదనుకుని దాన్నే నాటుతరు. మొక్క కొన్నోళ్లకు గులాబీ రెక్క ఒక్కటి కనిపించది. ఇంట్ల పెట్టుకునేటోళ్లు ఉంచుకోవచ్చు, మొక్కలు చేసేటోళ్లు ఉంచొద్దు.

మాసబ్‌ట్యాంక్_పచ్చదనం · మార్చి 9

ఇదే వరసలో ఒక ప్రశ్న. హైడ్రేంజియాకు పటిక వేస్తే నీలం అవుతుంది కదా. కాగితం పూలకు పటిక, ఎప్సమ్ సాల్ట్ వేస్తే తెలుపు పెరుగుతుందని వీడియోల్లో చెబుతున్నారు.

కణుపు · మార్చి 9

పెరగదు. హైడ్రేంజియాలో రంగు ఆంథోసయనిన్, మట్టి ఆమ్లంగా ఉంటే వేరు అల్యూమినియం తీసుకుంటుంది, అది రంగుతో కలిసి నీలం అవుతుంది. కాగితం పూలలో ఉన్నది బీటాలైన్, బీట్‌రూట్‌లో ఉండే రంగుల కుటుంబమే. మట్టి పీహెచ్‌ను బట్టి అది మారదు. ఎప్సమ్ సాల్ట్ మెగ్నీషియం లోపం ఉంటే ఆకుకు పనికొస్తుంది, రెక్కకు కాదు. ఎండ, చలి మాత్రం రంగు గాఢతను మారుస్తాయి. డిసెంబరు పూత ముదురుగా, ఏప్రిల్ పూత వెలిసినట్టుగా ఉంటుంది. అందుకే ఏప్రిల్ పూత చూసి గుర్తులు కట్టొద్దు. లేత గులాబీని తెలుపు అనుకునే ప్రమాదం ఉంది.

పూలబాట · మార్చి 10

తిమ్మా రకానికి కూడా ఇదే పద్ధతా? ఆకు మధ్యలో పసుపు, అంచు పచ్చ. ఇప్పుడు కొన్ని కొమ్మల ఆకులు పూర్తి పచ్చగా వస్తున్నాయి.

కణుపు · మార్చి 10

తిమ్మా కూడా మేరీ పామర్ నుంచి కొమ్మ మారి వచ్చిందే. అంటే దానికి రెండు చోట్ల కాపలా కావాలి, ఆకులో, పూతలో. ఆకు సంగతి తేలిక. పూత కోసం ఆగనక్కర్లేదు, ఏడాది పొడవునా కనిపిస్తుంది. పూర్తి పచ్చ ఆకు కొమ్మ కనిపించిన వెంటనే మట్టంగా తీసేయాలి. పచ్చ ఆకుకు పత్రహరితం ఎక్కువ, ఎండ నుంచి ఎక్కువ ఆహారం చేసుకుంటుంది, మచ్చల ఆకు కొమ్మ దానితో పోటీ పడలేదు. వదిలేస్తే రెండు వానాకాలాల్లో మొక్కంతా పచ్చ.

పూర్తి పసుపు ఆకు కొమ్మ కూడా తీసేయాలి. అది తన తిండి తాను చేసుకోలేదు. ఏప్రిల్ ఎండకు అంచులు మాడి, ఆ ఎండు కొమ్మలోకి బూజు దిగుతుంది.

బోరు నీటి వల్ల వచ్చే పసుపును, రకానికి సహజమైన పసుపును కలిపేయకండి. బోరు నీటి వల్ల మొక్కకు ఇనుము అందక వచ్చే పసుపులో ఈనెలు పచ్చగా, ఈనెల మధ్య పసుపుగా, లేత ఆకుల్లో ముందు వస్తుంది. తిమ్మా పసుపు ఆకు నడుమ ఒక మచ్చగా, ఈనెతో సంబంధం లేకుండా ఉంటుంది. మొదటిదానికి చీలేటెడ్ ఐరన్ లీటరుకు ఒక గ్రాము, సాయంత్రం ఆకు మీద పిచికారీ, పదిహేను రోజులకు ఇంకోసారి.

బోడుప్పల్_బోన్సాయ్ · మార్చి 12

అంటు మొక్కల కోత గురించి ఎవరూ రాయలేదు. మన నర్సరీల్లో, నెక్లెస్ రోడ్డు మేళాల్లో కనిపించే నాలుగు రంగుల కాగితం పూలు ఎక్కువగా కడియం నుంచి వచ్చే అంటు మొక్కలే. లావు మొదలు మీద గులాబీ, నారింజ, పసుపు, తెలుపు విడివిడిగా అంటు కట్టి ఉంటాయి. వీటికి మేరీ పామర్ పద్ధతి పెడితే పొరపాటు. ఇక్కడ ఏ కొమ్మా రంగు మారదు. జోరైన రకం నెమ్మది రకాన్ని తొక్కేస్తుంది, అంతే.

మొట్టమొదట అంటుకు కింద నుంచి వచ్చే పిలకలు. మొదలు రకం చాలా జోరైనది, పిలక ఒక్కటి వదిలినా పైవాటికి నీరు అందదు. పిలకను కత్తెరతో కోయొద్దు, లేతగా ఉన్నప్పుడే కిందికి లాగి ఊడదీయండి. అడుగున ఉండే కళ్లు కూడా దానితో ఊడిపోతాయి. ముదిరిపోయి ఉంటే పదునైన కత్తితో మొదలు బెరడుతో సమంగా చెక్కండి.

తర్వాత రకాల మధ్య తూకం. మామూలుగా ముదురు గులాబీ, ఊదా రకాలు అన్నింటికన్నా జోరు. పసుపు, నారింజ నెమ్మది. మచ్చల ఆకు రకాలు అన్నింటికన్నా వెనక. జూన్‌లో ఊదా కొమ్మను రెండు మూడు కణుపులకు కురచగా కోయండి. నారింజ, పసుపు కొమ్మల్ని ఆరేడు కణుపులు ఉంచి కొనలే తీయండి. ఇక్కడితో ఆపితే చాలదు, కురచగా కోసిన జోరు కొమ్మ రెట్టింపు జోరుతో లేస్తుంది. ఆ చిగుర్లు జానెడు రాగానే కొన గిల్లాలి. వానాకాలం అంతా మూడు వారాలకోసారి ఇదే పని. ఎదుగుతున్న కొమ్మను పచ్చిగా ఉండగా గిల్లడమే దాన్ని నిజంగా తగ్గిస్తుంది.

అంటు కట్టిన ప్లాస్టిక్ పట్టీ ఇంకా ఉందేమో చూడండి. ఏడాది దాటినా విప్పకపోతే బెరడు కోసుకుపోయి ఆ రంగు కొమ్మ గాలివానకు అంటు దగ్గరే విరిగిపోతుంది.

మాసబ్‌ట్యాంక్_పచ్చదనం · మార్చి 12

ఊటీలో కొన్న అజేలియా ఉంది, తెల్ల పూల మీద గులాబీ చారలు. దానికి కూడా గులాబీ కొమ్మలే మిగులుతున్నాయి.

బోడుప్పల్_బోన్సాయ్ · మార్చి 12

సూత్రం ఒకటే. తెల్ల పూల మీద చారలు పూసే కొమ్మ అన్ని రకాల పూలనూ ఇవ్వగలదు. నిండు రంగు పూలకు తిరిగిన కొమ్మ నిండు రంగే ఇస్తుంది. జపాన్ సత్సుకి అజేలియాలను పెంచేవాళ్లు పూత ఉండగా నిండు రంగు కొమ్మలకు గుర్తు కట్టి, పూత అయిన వెంటనే తీసేస్తారు. రెండు తేడాలు గుర్తుంచుకోండి. అజేలియా పాత కొమ్మ కొనల మీద పూస్తుంది, వచ్చే ఏటి మొగ్గలు ఎండాకాలం, వానాకాలాల్లోనే కట్టుకుంటుంది. అందుకని పూత రాలిన రెండు మూడు వారాల్లో కోత ముగించాలి, ఆలస్యమైతే వచ్చే పూత కోసేసినట్టే. కాగితం పూలు కొత్త చిగురు మీద పూస్తాయి, ఆ ఇబ్బంది లేదు. రెండోది, అజేలియాకు కింది కొమ్మలు జోరు, పై కొమ్మలు బలహీనం. కింద ఎక్కువ, పైన తక్కువ కోయాలి.

హైదరాబాద్‌లో దానికి అసలు కష్టం మట్టి, నీరు. పీహెచ్ 5 దగ్గర ఉండాలి, మన బోరు నీరు దాన్ని పైకి లాగేస్తుంది. వాన నీరు పట్టి పోయండి, కోకోపీట్‌లో ఎర్రమట్టి కలపకండి, మార్చి నుంచి జూన్ దాకా ఉదయం ఎండ తప్ప ఇంకేదీ తగలనివ్వకండి.

మల్కాజిగిరి_మిద్దె · జూన్ 14

రెండు మంచి వానలు పడ్డాయి. ఈ వారం కోత. కత్తెర, మందుల గురించి చివరి మాట చెప్పండి.

ఎర్రమట్టి · జూన్ 14

మబ్బు పట్టిన, వాన లేని రోజు ఉదయం మొదలుపెట్టండి. ఏప్రిల్, మే నెలల్లో కోయొద్దనడానికి కారణం, ఆకు నీడ పోయాక కాండం బెరడు నేరుగా ఎండకు మాడి పగులుతుంది. ఇప్పుడా భయం లేదు, తేమ వల్ల బూజు భయం ఉంటుంది.

కత్తెర రెండు పళ్లూ ఒకదాని పక్క నుంచి ఒకటి జారే రకం వాడండి. దిమ్మె మీద నొక్కి కోసే రకం బెరడును నలిపేస్తుంది. బొటనవేలి కన్నా లావు కొమ్మకు చిన్న రంపం పెట్టండి. సర్జికల్ స్పిరిట్ తడిపిన గుడ్డతో మొక్క మొక్కకు మధ్య తుడవాలి. తోలు చేతి తొడుగులు తప్పనిసరి, ముల్లు గుచ్చుకుంటే వాపు వస్తుంది.

ఎర్ర దారం కొమ్మలు మొదట, మట్టంగా. తెల్ల దారం కొమ్మల్లో ఎండిన కొనలుంటే తర్వాత. అక్కడ కోత వేరు: కణుపు దగ్గర తొడిమకు పైన ముల్లు, ముల్లుకు తొడిమకు మధ్య ఆవగింజంత మొగ్గ ఉంటుంది. ఆ ముల్లుకు పావు అంగుళం పైన, మొగ్గకు ఎదురు పక్కకు వాలుగా కోయండి, వాన నీరు మొగ్గ మీదకు జారదు.

కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే బూజు మందును కొద్ది నీటితో ముద్దలా కలిపి లావు కోతలకు పూయండి.

చేవెళ్ల_నర్సరీ · జూన్ 14

పెన్సిల్ లావు కోతలకు ముద్ద అవసరం లేదు, అవే ఆరిపోతయ్. చిన్న కోతలకు గూడ మందంగ పూస్తే తేమ లోపల పట్టి బెరడు నల్లబడుతది. లీటరుకు మూడు గ్రాములు అదే మందు కలిపి మొక్కంతా ఒక్కసారి పిచికారీ కొట్టు, చాలు.

కణుపు · జూన్ 14

కోత తర్వాత ఎరువు. పైమట్టి రెండు అంగుళాలు తీసి ఆ జాగాలో వర్మికంపోస్టు రెండు కిలోలు, వేపపిండి వంద గ్రాములు, ఎముకల పొడి యాభై గ్రాములు కలిపి నింపండి. చిగుర్లు మూడు నాలుగు అంగుళాలు వచ్చాక నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉన్న 19-19-19 ఎరువు లీటరుకు రెండు గ్రాములు, పదిహేను రోజుల తేడాతో రెండుసార్లు. అక్కడితో నత్రజని తగ్గించండి. సెప్టెంబరు నుంచి నత్రజని తక్కువ, పొటాష్ ఎక్కువ ఉన్న 13-0-45 లీటరుకు రెండు గ్రాములు నెలకోసారి. వానలు ఆగాక పైమట్టి రెండు అంగుళాలు ఆరి, చిగురు కొన కాస్త వాలినప్పుడే నీళ్లు పోయండి. సెప్టెంబరు చివర కొనలు గిల్లితే నవంబరు చివరికల్లా పూత, అక్టోబరు సగం దాటాక మాత్రం గిల్లొద్దు.

మల్కాజిగిరి_మిద్దె · జూలై 9

కోసిన చోట్ల కొన్నింటి అంచున చిన్న చిగుర్లు వస్తున్నాయి. ఎరుపు జీర ఉంది.

చేవెళ్ల_నర్సరీ · జూలై 9

అవి గులాబీవే. లేతగ ఉన్నయ్ గద, బొటనవేలితో పక్కకు తోసెయ్, ఊడి వస్తయ్. కత్తెర ముట్టియ్యకు. పదిహేను రోజులకోసారి చూడు, ఆగస్టు దాక వస్తనే ఉంటయ్. రెండు మూడు సార్లు తోసేసినంక ఆ కళ్లు అలసిపోతయ్. ఒకే చోట మళ్ల మళ్ల వస్తుంటే మొండి మిగిలినట్టు లెక్క. కత్తితో ఇంకొంచెం లోపలికి చెక్కు.

పూలబాట · జూలై 11

రెండు రంగుల కొమ్మ నుంచి కొత్త మొక్క చేయాలంటే ఇదే అదను కదా? ముక్క ఎక్కడి నుంచి తీయాలి?

ఎర్రమట్టి · జూలై 11

తెల్ల దారం కట్టిన కొమ్మలో, మార్చిలో రెండు రంగుల గుత్తి పూసిన కణుపులున్న భాగమే. దానికి కింద చెక్కలో ఏ మొగ్గ ఏ రంగుదో తెలియదు. పెన్సిల్ లావు, ఆరేడు అంగుళాల పొడవు, నాలుగు కణుపులు. అడుగు కణుపుకు సరిగ్గా కింద అడ్డంగా, పైన వాలుగా కోయండి. అలా కోస్తే తలకిందులుగా నాటే పొరపాటు జరగదు. ఆకులన్నీ తీసి, అడుగు కొనను వేరు పుట్టించే హార్మోను పొడిలో (ఐబీఏ, 3000 పీపీఎం) ముంచి దులపండి. సగం కోకోపీట్, సగం ముతక ఇసుకలో రెండు కణుపులు లోపలికి. నీడలో, పైన పాలిథిన్ కవరు. నెల లోపే చిగురు వస్తుంది, అది చూసి లాగొద్దు, వేరు ఇంకా రాదు. ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగండి.

తిమ్మాకు ముక్కలు చాలావరకు కుళ్లుతాయి, గాలి అంటు తొక్కండి. అంగుళం వెడల్పున బెరడు వలయంగా తీసి, లోపలి జిగురు పొరను కత్తి వీపుతో గీకేయాలి. అది మిగిలితే బెరడు మళ్లీ కలిసిపోతుంది, వేరు రాదు. అదే హార్మోను పొడి పూసి, తడిపి పిండిన నాచు కట్టి, పాలిథిన్ చుట్టండి. రెండు నెలలకు కవరులోంచి వేళ్లు కనిపించాకే కింద కోయండి.

చేవెళ్ల_నర్సరీ · జూలై 11

ఒక కొమ్మ మీద నుంచి పది ముక్కలు చేస్తే పదీ రెండు రంగులు పూయవు. ఒకటి రెండు గులాబీకి పోతయ్, ఒకటి తెలుపుకు పోతది. కుండీకి రేకు పట్టీ కట్టి ఏ కొమ్మ ముక్కనో రాసిపెట్టు. మొదటి పూత చూసినంకనే ఎవరికైనా ఇయ్యి.

మల్కాజిగిరి_మిద్దె · జూలై 12

రాసి పెడతానన్నా. వేరు వచ్చాక మొదటి కుండీ ఎంత ఉండాలి?

చేవెళ్ల_నర్సరీ · జూలై 12

ఆరు అంగుళాలు. పెద్దదాంట్ల పెడితే ఆకే వస్తది, పూత ఏడాది ఆలస్యమైతది.